అద్దె ఇంట్లో కరెంటు జాగ్రత్తలు: ఒక ఆదివారం పొద్దున కూర్చుని చూసుకోవాల్సినవన్నీ

పోయిన చలికాలం అమ్మ ఊర్నించి వచ్చింది. మేముండేది బెంగళూరులో రామ్మూర్తినగర్ వైపు, మూడో అంతస్తులో అద్దె ఇల్లు. వచ్చిన రెండో రోజు పొద్దున్నే బాత్రూమ్‌లోంచి కేకేసింది, "ఒరేయ్ నాయనా, ఈ కొళాయి పట్టుకుంటే చెయ్యి జిమ్మంటాందిరా" అని. నేను ఆఫీసు కాల్‌లో ఉన్నా, చలికి అలా అనిపిస్తుందిలేమ్మా అనేసి వదిలేశా. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. సాయంత్రం వెళ్లి నేనూ వేలు పెట్టి చూశా, ఏమీ లేదు. తర్వాత వెలిగింది, నా కాళ్లకి రబ్బరు చెప్పులున్నాయి, అమ్మ తడి నేల మీద వట్టి కాళ్లతో నిలబడింది.

ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే చింతామణి వైపు పెద్దాయన వచ్చాడు, మన తెలుగే మాట్లాడతాడు. గీజర్ ప్లగ్గు పీకి సాకెట్ ప్లేటు విప్పి టార్చి వేసి చూపించాడు. లోపల పచ్చ వైరు, అంటే ఎర్త్ వైరు, ఎక్కడా కలపకుండా చివర కత్తిరించి మడిచి టేపు చుట్టేసి ఉంది. గీజర్ లోపల కాయిల్ పాడైపోయి కరెంటు నీళ్లలోకి దిగుతోంది, భూమిలోకి పోవడానికి దారి లేక కొళాయి దాకా వస్తోంది. పైగా డీబీ బాక్సులో, అంటే ఇంటి మెయిన్ స్విచ్‌లన్నీ ఉండే పెట్టెలో, కరెంటు లీకైతే కట్ చేసే ఆర్‌సీసీబీ అనేదే లేదు. "అన్నా, దేవుడు చల్లగా చూసినాడు" అన్నాడాయన. ఆ రోజు నుంచి దీని మీద చదివి, ఆయన్ని విసిగించి మరీ అడిగి తెలుసుకున్నవన్నీ ఇక్కడ రాస్తున్నా. మీరు కూడా అద్దె ఇంట్లోనో పీజీలోనో ఉంటే ఒక ఆదివారం పొద్దున కేటాయించండి, మూడు గంటలు చాలు.

ముందు ఒక్క లెక్క తెలుసుకోండి

మనింటికి వచ్చేది 230 వోల్టులు. కానీ మనిషిని చంపేది ఒంట్లోంచి ఎంత కరెంటు పారింది, ఎంతసేపు పారింది అన్నది. 1 మిల్లీ ఆంపు దగ్గర జిల్లుమని తెలుస్తుంది. సుమారు 10 దాటితే కండరాలు బిగుసుకుపోయి పట్టుకున్నది వదల్లేం, "కరెంటు పట్టేసింది" అంటామే అది ఇదే. 30 దాటి కాస్సేపు ఉంటే గుండె లయ తప్పే ప్రమాదం మొదలవుతుంది. ఒక చిన్న 9 వాట్ల ఎల్ఈడీ బల్బు తీసుకునేదే దాదాపు 40 మిల్లీ ఆంపులు. అంటే బల్బు వెలగడానికి సరిపోయేంత కరెంటు మనిషి ప్రాణం తీయడానికీ సరిపోతుంది.

ఒళ్లు పొడిగా ఉంటే చర్మం చాలావరకు అడ్డుకుంటుంది, తడిస్తే ఆ అడ్డు బాగా తగ్గిపోతుంది. సుమారు 1000 ఓమ్‌లకి పడిపోయిందనుకోండి, 230ని 1000తో భాగిస్తే 230 మిల్లీ ఆంపులు. మన ఇళ్లలో బాత్రూమ్, వంటగది సింకు, వాషింగ్ మెషీన్ పెట్టే యుటిలిటీ, ఈ మూడూ ఎందుకంత భయపెట్టే చోట్లో దీన్ని బట్టే తెలుస్తుంది.

అందుకే కొళాయో ఫ్రిజ్జు తలుపో వాషింగ్ మెషీనో ముట్టుకుంటే కొంచెం జిల్లుమంది అంటే "కొంచెమే కదా" అని వదిలేయొద్దు. ఇవాళ చెప్పులున్నాయి కాబట్టి కొంచెం. ఆ వస్తువు మెయిన్ ఆఫ్ చేసి, బాగయ్యేదాకా వాడకండి.

మొదటి పని: డీబీ బాక్సు తెరిచి చూడడం

తలుపు పక్కనో హాల్లోనో గోడలో ఉంటుంది, చిన్న మూత తెరిస్తే వరసగా స్విచ్‌లు. మూత మాత్రమే తెరవండి, స్క్రూలు విప్పొద్దు. సన్నగా ఒక్కొక్కటి ఉండేవి ఎంసీబీలు, వాటి మీద సి 16, బి 10 ఇలా రాసి ఉంటుంది, ఆ నంబరు ఆంపులు. రెండు స్విచ్‌ల వెడల్పుండి, మీద "టి" లేదా "టెస్ట్" అని చిన్న బటన్ ఉన్నది ఆర్‌సీసీబీ. దాని మీద 30 మిల్లీ ఆంపులు లేదా 0.03 ఆంపులు అని ఉండాలి. 100 లేదా 300 అని ఉంటే అది మంటలు రాకుండా పెట్టేది, మనిషిని కాపాడడానికి సరిపోదు.

ఈ రెండింటికీ తేడా చాలామందికి తెలీదు, నాకూ తెలీదు. ఎంసీబీ కాపాడేది వైర్లని. లోడు ఎక్కువైనా, షార్ట్ అయినా పడిపోతుంది. మనిషికి షాక్ కొడుతుంటే ఎంసీబీకి తెలీనే తెలీదు, ఎందుకంటే 16 ఆంపుల ఎంసీబీకి 0.2 ఆంపు అసలు లెక్కే కాదు, మనకేమో అది ప్రాణం. ఆర్‌సీసీబీ వేరే పని చేస్తుంది, ఫేజ్‌లో, అంటే కరెంటు వచ్చే వైరులో ఎంత పోయింది, న్యూట్రల్‌లో, అంటే తిరిగిపోయే వైరులో ఎంత తిరిగొచ్చింది అని ప్రతి క్షణం పోల్చి చూస్తూనే ఉంటుంది, తేడా వచ్చిందంటే ఆ కరెంటు మనిషి ఒంట్లోంచో తడి గోడలోంచో భూమిలోకి పోతోందని లెక్క, సెకనులో మూడో వంతు గడిచేలోపే మొత్తం కట్ చేసేస్తుంది.

ఆర్‌సీసీబీ ఉంటే, ఇంట్లో కంప్యూటర్లు అవీ ఆపుకుని, టెస్ట్ బటన్ నొక్కండి. టక్కుమని పడిపోవాలి. పడకపోతే అది ఉన్నా లేనట్టే, మార్చాల్సిందే. నెలకోసారి నొక్కాలి, నేనైతే కరెంటు బిల్లు కట్టే రోజు నొక్కుతా, అలాగైతే మర్చిపోను. ఇంకో మాట, బటన్ నొక్కితే పడింది కాబట్టి ఎర్త్ కూడా బాగుందని అనుకోవద్దు, ఆ బటన్ ఆర్‌సీసీబీని మాత్రమే పరీక్షిస్తుంది.

లేకపోతే ఓనర్‌ని అడగండి. రెండు వేల రూపాయల దగ్గర్లో దొరికే వస్తువు, పెట్టడానికి గంట పని. ఓనర్ ఒప్పుకోకపోతే నేను చెప్పేది ఒకటే, మీరే పెట్టించుకోండి, ఖాళీ చేసేటప్పుడు తీసుకెళ్లొచ్చు. మేం అలాగే చేశాం, అద్దెలో తగ్గించమని అడిగాం, సగం ఒప్పుకున్నారు.

కొన్ని ఇళ్లలో ఆర్‌సీసీబీ ఉంటుంది గానీ ఊరికే పడిపోతోందని ఎవరో దాన్ని తప్పించి వైరు డైరెక్టుగా కలిపేసి ఉంటారు. టెస్ట్ బటన్ నొక్కినప్పుడు ఇంట్లో యూపీఎస్ (బ్యాటరీ ఇన్వర్టర్) మీద లేని లైట్లు ఆరాయా లేదా చూడండి, పడింది కానీ లైట్లు ఆరలేదంటే అడగాల్సిందే. ఊరికే పడుతోందంటే అది చెడ్డది కాదు, ఎక్కడో లీకేజీ ఉందని చెబుతోంది, లేదా యూపీఎస్ న్యూట్రల్, మెయిన్ న్యూట్రల్ కలిసిపోయి ఉన్నాయి. ఒక్కో ఎంసీబీ ఆపుకుంటూ పోతే ఎక్కడో దొరుకుతుంది, మా పైఇంటివాళ్లకి తడిసిన డోర్‌బెల్ స్విచ్ దగ్గర దొరికింది.

ఎంసీబీ మాటిమాటికి పడుతుంటే 16 తీసేసి 32 పెట్టేద్దాం అనేవాళ్లుంటారు, దయచేసి ఒప్పుకోవద్దు. లోపలి వైరు 16కి సరిపడేదే, 32 పెడితే ఎంసీబీ పడదు, గోడలో వైరు కాలుతుంది. పాత ఇళ్లలో పింగాణీ ఫ్యూజు ఉంటే కూడా ఇదే మాట, ఫ్యూజు వైరు బదులు రాగి పోగులు మెలేసి పెట్టొద్దు.

రెండో పని: ఎర్త్ నిజంగా ఉందా

మూడు పిన్నుల సాకెట్ ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉందని కాదు, మా ఇల్లే సాక్ష్యం. పైన ఉండే పెద్ద రంధ్రం ఎర్త్, ఎదురుగా నిలబడి చూస్తే కుడివైపుది ఫేజ్, ఎడమవైపుది న్యూట్రల్. ప్లగ్గులో ఎర్త్ పిన్ను మిగతా రెండిటికన్నా పొడుగ్గా లావుగా ఎందుకుంటుందంటే, దూర్చేటప్పుడు అందరికన్నా ముందు అదే తగలాలి, పీకేటప్పుడు చివరగా వదలాలి.

టెస్టర్ స్క్రూడ్రైవర్‌తో ఎర్త్ తెలీదు, అది ఫేజ్ ఉందా లేదా అంతవరకే చెప్తుంది. ఆ టెస్టర్‌ని కూడా ముందు కరెంటు ఉందని తెలిసిన చోట పెట్టి వెలుగుతోందో లేదో చూసుకుని తర్వాతే నమ్మాలి, ప్లాస్టిక్ స్టూలు మీద నిలబడితే సరిగా వెలక్కపోవచ్చు.

వోల్టులు కొలిచే మల్టీమీటర్ వాడడం వచ్చినవాళ్లు ఇలా చూడొచ్చు. ఎస్పీ రోడ్డులో గానీ మీ వీధిలో ఎలక్ట్రికల్ షాపులో గానీ దొరుకుతుంది. డయల్‌ని ఏసీ వోల్టుల్లో 600 లేదా 750 మీద పెట్టాలి. ఎర్ర ప్రోబు వోల్టులు రాసి ఉన్న రంధ్రంలోనే ఉండాలి, ఆంపులు రాసి ఉన్న దాంట్లో పెట్టి సాకెట్‌లో దూరిస్తే పెద్ద షార్ట్ అవుతుంది, చేయి కాలుతుంది. కాళ్లకి చెప్పులు, చేతులు పొడిగా, లోహపు మొనకి వేలు తగలకుండా. ఫేజ్, న్యూట్రల్ మధ్య 230కి అటూ ఇటూ రావాలి. ఫేజ్, ఎర్త్ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్, ఎర్త్ మధ్య ఒకటి రెండు వోల్టులు, ఐదు లోపు. ఫేజ్, ఎర్త్ మధ్య 90 అనో 110 అనో తిరుగుతూ నిలబడని నంబరు వస్తుంటే ఎర్త్ ఎక్కడో తెగిపోయి ఉందని అర్థం.

న్యూట్రల్, ఎర్త్ మధ్య ఎప్పుడు చూసినా కచ్చితంగా సున్నాయే వస్తుంటే, ఇంట్లో గీజరో ఇస్త్రీపెట్టో నడుస్తున్నా సున్నాయే వస్తుంటే అనుమానించండి. కొంతమంది ఎర్త్ లేని చోట సాకెట్ లోపలే న్యూట్రల్‌ని ఎర్త్‌కి ముక్కతో కలిపేస్తారు. చూడ్డానికి అంతా బాగున్నట్టే ఉంటుంది. ఏదో ఒక రోజు న్యూట్రల్ తెగితే ఫ్రిజ్జు బాడీ మొత్తానికి 230 వచ్చి కూర్చుంటుంది. నాకు తెలిసినంతలో ఇంటి వైరింగ్‌లో ఇంతకన్నా ఘోరమైన పని ఇంకోటి లేదు.

మీటర్ చేత్తో పట్టుకోవడానికి భయంగా ఉంటే ఆ భయం మంచిదే, ఎలక్ట్రీషియన్ చేత చూపించండి, మీరు పక్కన నిలబడి నంబర్లు చదవండి.

ఎర్త్ పిట్, అంటే ఎర్త్ వైరు భూమిలోకి దిగే గుంత, బిల్డింగ్ కింద గేటు దగ్గరో పార్కింగ్ మూలనో చిన్న మూత కింద ఉంటుంది. మన బెంగళూరులో ఎర్రమట్టి, కొన్నిచోట్ల కిందంతా బండ, ఎండాకాలం మార్చి, ఏప్రిల్‌లో ఎండిపోయి ఎర్త్ బలహీనమైపోతుంది. అందులో వారానికోసారి రెండు బిందెల నీళ్లు పోయించమని వాచ్‌మన్‌కో ఓనర్‌కో చెప్పండి. మా బిల్డింగ్‌లో ఆ మూత మీద ఎవరిదో పాత సైకిల్ పడేసి ఉంది, దాన్ని పక్కకి జరిపి చూస్తే లోపల ఎండిన ఆకులు తప్ప ఏం లేవు.

మూడో పని: ఏ ప్లగ్గులో ఏం పెడుతున్నాం

ఇంట్లో సాకెట్లు రెండు రకాలు. చిన్నది 6 ఆంపులు, పెద్ద రంధ్రాలది 16 ఆంపులు. వాట్లని 230తో భాగిస్తే ఆంపులు వచ్చేస్తాయి. 6 ఆంపుల సాకెట్ మోయగలిగింది 1380 వాట్లు. ఇప్పుడు మీ వస్తువుల కింద స్టిక్కర్ చూడండి. కెటిల్ 1500 ఉంటుంది, ఇండక్షన్ స్టవ్ 2000, అంటే దాదాపు 9 ఆంపులు. ఇవి చిన్న సాకెట్‌లోగానీ, ఆన్‌లైన్‌లో 300కి వచ్చే ఎక్స్‌టెన్షన్ బాక్సులోగానీ పెట్టకూడదు. పీజీల్లో ఉండే మన తమ్ముళ్లూ చెల్లెళ్లూ రాత్రి పన్నెండుకి ఒకే బాక్సులో కెటిల్, ల్యాప్‌టాప్, హెయిర్ డ్రైయర్ పెట్టేస్తారు, ఆ వైరేమో మంచం కింద పరుపుకి నొక్కుకుని ఉంటుంది. అది లోపల్లోపలే వేడెక్కుతుంది, అందరూ నిద్రపోయాక అంటుకుంటుంది.

వస్తువు అరగంట నడిచాక స్విచ్ ఆఫ్ చేసి ప్లగ్గు పీకి, ప్లగ్గు ప్లాస్టిక్‌ని చేత్తో ముట్టుకోండి. గోరువెచ్చగా ఉంటే సరే, వేడిగా ఉంటే సాకెట్ లోపల పట్టు లూజయింది. పిన్నుల చుట్టూ గోధుమరంగు మరకలు, ప్లాస్టిక్ మాడిన వాసన, స్విచ్ వేస్తే చిటపట చప్పుడు, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ సాకెట్ మార్చండి, నూటా యాభై రెండొందల పని.

మూడు పిన్నుల ప్లగ్గుకి ఎర్త్ పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల దాంట్లో పెట్టడం, పైన రంధ్రంలో పెన్ను పొడిచి షట్టర్ తెరిచి చార్జర్ దూర్చడం, ప్లగ్గు లేకుండా వైరు పోగులు దూర్చి అగ్గిపుల్లలు బిగించడం, ఇవన్నీ మనందరం ఎక్కడో ఒకచోట చూసినవే. ఇక ఆపేద్దాం.

గోడలో వైరు సైజు కూడా ఒకసారి అడిగి తెలుసుకోండి. మామూలుగా లైట్లకి 1.5 స్క్వేర్ ఎంఎం, 16 ఆంపుల సాకెట్లకి 2.5, ఏసీకి 4. కొత్తగా ఏసీ పెట్టించేటప్పుడు ఉన్న సాకెట్ నుంచే ఇచ్చేస్తాం అంటే వద్దనండి, డీబీ నుంచి విడిగా లైను, విడిగా ఎంసీబీ కావాలి. కరెంటు స్కూటర్ ఉన్నవాళ్లకీ ఇదే మాట, కింద పార్కింగ్‌లో ఎర్త్ ఉన్న 16 ఆంపుల సాకెట్ వేయించుకోండి, రెండో అంతస్తు కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ వైరు వేలాడదీసి చార్జింగ్ పెట్టొద్దు, మెట్ల కింద అసలే పెట్టొద్దు, అక్కడ మంటొస్తే పైవాళ్లందరికీ దిగే దారి అదొక్కటే.

నాలుగో పని: బాత్రూమ్

గీజర్ స్విచ్ బాత్రూమ్ బయట ఉండాలి. రెండు ధ్రువాలూ, అంటే ఫేజ్, న్యూట్రల్ రెండూ కట్ అయ్యే 20 ఆంపుల స్విచ్ అయితే ఇంకా మంచిది. నీళ్లు వేడెక్కాక స్విచ్ ఆపి అప్పుడు స్నానానికి వెళ్లే అలవాటు మా ఇంట్లో అందరికీ చేశాం. ఆర్‌సీసీబీ, ఎర్త్ బాగుంటే ఇది అవసరం లేదు కదా అని ఒక ఫ్రెండ్ అన్నాడు, అవి రేపు కూడా బాగుంటాయని గ్యారంటీ ఎవరిస్తారు, ఒక స్విచ్ ఆపడానికి పట్టేది ఒక్క సెకను. గీజర్ పైపు పక్కన చిన్న సేఫ్టీ వాల్వు ఉంటుంది, దాన్ని ఎవరూ బిరడా పెట్టి మూయకుండా చూడండి, లోపల ప్రెషర్ పెరిగితే బయటికి వదిలేది అదే. ఇక్కడ బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, కాయిల్ మీద తెల్లగా పేరుకుని అది త్వరగా పాడవుతుంది, ఏడాదికోసారి సర్వీసు చేయించండి. మా గీజర్ కాయిల్ తీసి చూపిస్తే సున్నం కొట్టిన పుల్లలాగుంది, మధ్యలో సన్నని చీలిక, గోరు కూడా పట్టనంత. అమ్మ చెయ్యి జిమ్మన్నది అందులోంచే.

వాటర్ హీటర్ రాడ్డు గురించి కాస్త గట్టిగానే చెబుతా. వీలుంటే ఇంట్లోంచి తీసేయండి. తప్పదంటే ఇలా వాడండి. ముందు బకెట్‌లో నీళ్లు పోసి, రాడ్డు మీదుండే గీత దాకా మునిగేలా పెట్టి, అప్పుడు ప్లగ్గు పెట్టి స్విచ్ వేయాలి. ఇనుప, స్టీలు బకెట్లు వద్దు. వేడెక్కాయా లేదా అని వేలు పెట్టి చూడకూడదు, ప్రాణాలు పోయేది ఎక్కువగా ఇక్కడే. స్విచ్ ఆపి, ప్లగ్గు పూర్తిగా పీకి, కాసేపు ఆగి రాడ్డు బయటికి తీసి, ఆ తర్వాతే నీళ్లు ముట్టుకోవాలి. ఒట్టి స్విచ్ ఆపితే చాలదా అంటే, చాలదు. చాలా ఇళ్లలో స్విచ్‌ని ఫేజ్ బదులు న్యూట్రల్‌కి కలిపేసి ఉంటారు, స్విచ్ ఆపినా రాడ్డులో ఫేజ్ అలాగే ఉంటుంది. బల్బు మార్చేటప్పుడు స్విచ్ ఆపినా హోల్డర్‌లో షాక్ కొట్టేది కూడా ఇందుకే, అక్కడ కూడా డీబీలో లైట్ల ఎంసీబీ ఆపేసి మార్చండి. పిల్లలున్న ఇంట్లో రాడ్డు పెట్టి వంటగదిలోకి వెళ్లిపోవద్దు.

యూపీఎస్ ఉన్నవాళ్లు

ఇక్కడ చాలా ఇళ్లలో యూపీఎస్ ఉంటుంది. మెయిన్ ఆపినా యూపీఎస్ లైను మీద ఉన్న లైట్లు, ఫ్యాన్లలో 230 అలాగే ఉంటుంది. మెయిన్ ఆపేశాం కదా అని ఫ్యాను విప్పబోయి దెబ్బతిన్నవాళ్లున్నారు. రిపేరు ఏదైనా సరే మెయిన్ ఆపి, యూపీఎస్ కూడా వెనక స్విచ్ దగ్గర ఆపి, టెస్టర్ పెట్టి చూసి అప్పుడు చేయి పెట్టాలి. బ్యాటరీ గాలి ఆడే చోట ఉండాలి, చార్జింగ్ అయ్యేటప్పుడు అందులోంచి వచ్చే గ్యాస్ అంటుకునేది, దాని పక్కన దీపం, అగరుబత్తి పెట్టొద్దు.

లైట్లు ఒక్కసారిగా ధగధగా ఎక్కువ వెలుగుతూ, పక్కింట్లో మాత్రం మినుకుమినుకుమంటుంటే, ఫ్యాను పిచ్చి స్పీడుతో తిరుగుతుంటే, ఏమీ ఆలోచించకుండా మెయిన్ ఆపేయండి. మూడు ఫేజుల బిల్డింగ్‌లో న్యూట్రల్ ఊడిపోతే అలా అవుతుంది, 230 రావాల్సింది 400 దగ్గరికి కూడా పోవచ్చు. టీవీ, ఫ్రిజ్జు పోవడం ఒక ఎత్తు, మంట రావడం ఇంకో ఎత్తు.

వానాకాలం, దండెం

బెంగళూరు వాన సంగతి తెలిసిందేగా, గంటలో పార్కింగ్ నిండిపోతుంది. మీటర్లు, మోటార్ స్టార్టర్ బోర్డు చాలా బిల్డింగ్‌లలో ఆ పార్కింగ్‌లోనే ఉంటాయి. 2025 మే నెలలో బీటీఎం లేఅవుట్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో నీళ్లు తోడడానికి మోటార్ పెడుతూ ఒక పెద్దాయన, ఆయనతోపాటు ఒక పన్నెండేళ్ల పిల్లాడు షాక్ కొట్టి చనిపోయారు. నీళ్లు నిలిచిన బేస్‌మెంట్‌లోకి దిగాలంటే ముందు బిల్డింగ్ మొత్తం కరెంటు ఆగాలి. మెయిన్ దాకా వెళ్లాలంటే నీళ్లలో నడవాలి అంటే వెళ్లకండి, 1912కి ఫోన్ చేసి బెస్కాం (బెంగళూరు కరెంటు సంస్థ) వాళ్లనే ఆపమనండి. కార్లు తడిస్తే తడవనివ్వండి.

2023 నవంబర్‌లో వైట్‌ఫీల్డ్ వైపు హోప్ ఫామ్ సర్కిల్ దగ్గర ఫుట్‌పాత్ మీద తెగిపడిన వైరు మీద కాలు పడి ఒక తల్లి, ఆమె చేతుల్లోని నెలల పాప చనిపోయారు. అప్పట్నుంచి చీకట్లో నడిచేటప్పుడు నేల చూస్తూ నడుస్తా, పిల్లలకీ అదే చెప్తా. తెగిన వైరు కనిపిస్తే చచ్చిన వైరో బతికున్న వైరో మనకి తెలీదు, దూరంగా ఉండండి, వచ్చేవాళ్లని ఆపండి, 1912కి చెప్పండి. దగ్గరలో ఉన్నామని అప్పుడే తెలిస్తే పరిగెత్తొద్దు. భూమిలో కరెంటు పాకుతున్నప్పుడు రెండు పాదాల మధ్య దూరం ఎంత ఎక్కువుంటే అంత వోల్టేజీ ఒంట్లోంచి పోతుంది. పాదాలు కలిపే ఉంచి, నేల మీద నుంచి ఎత్తకుండా చిన్నగా జరుపుకుంటూ బయటపడాలి.

బట్టలు ఆరేసే దండేనికి ఇనుప తీగ కట్టొద్దు, మన ఊళ్లలో ఎన్ని ఇళ్లు దీనివల్ల పాడయ్యాయో మీకూ తెలిసే ఉంటుంది. సర్వీసు వైరు తోలు ఒలిచిపోయి తీగకి తగిలితే, తడి బట్ట వేసిన మనిషికి అంతే. నైలాన్ తాడు కట్టండి. ఇక్కడ సందుల్లో బాల్కనీకి చేతికందేంత దూరంలో కరెంటు లైన్లు ఉంటాయి, ఇనుప గడతో, తడి మాప్ కర్రతో ఆ వైపు ఏ పనీ చేయొద్దు, ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడే బాల్కనీలోంచి చేయి చాపి ఎంత దూరముందో చూసుకోండి.

పిల్లలు పాకే వయసులో ఉంటే కింద సాకెట్లకి ప్లాస్టిక్ మూతలు పెట్టండి, ఫోన్ చార్జర్ పీకకుండా వైరు వేలాడదీయొద్దు, నోట్లో పెట్టుకుంటారు. దీపావళి సీరియల్ సెట్లు తీసేటప్పుడు జాయింట్లు చూసుకోండి, గ్రిల్లుకి చుట్టేటప్పుడు ముఖ్యంగా, ఒలిచిన ఒక్క చోటు చాలు గ్రిల్లు మొత్తం కరెంటు పాకడానికి.

ఎవరికైనా షాక్ కొడితే

ముట్టుకోవద్దు. కన్నబిడ్డ అయినా సరే ముట్టుకోవద్దు, మీకూ పట్టేస్తే ఇద్దర్నీ విడిపించేవాళ్లు ఉండరు. ముందు మెయిన్ ఆపండి. అది కుదరకపోతే పొడిగా ఉన్న ప్లాస్టిక్ కుర్చీ మీద నిలబడి, పొడి కర్రతోనో ప్లాస్టిక్ చీపురు కర్రతోనో వైరుని నెట్టేయండి. ఇది ఇంట్లో వైర్లకి మాత్రమే, వీధి లైన్లకి, ట్రాన్స్‌ఫార్మర్‌కి కర్ర పనికిరాదు, దగ్గరికే పోవద్దు.

విడిపించాక పిలిస్తే పలకట్లేదు, ఊపిరి సరిగా ఆడట్లేదు అంటే 108కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టి, వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ మధ్యలో ఒక అరచేతి మడమ మీద ఇంకో చేయి వేసి, మోచేతులు వంచకుండా కనీసం 5 సెంటీమీటర్లు లోపలికి పోయేలా నొక్కాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అంటే సెకనుకి దాదాపు రెండు. అంబులెన్సు వచ్చేదాకా ఆపొద్దు, అలసిపోతే ఇంకొకరు అందుకోవాలి. నోట్లో నీళ్లు పోయడం, ఇసుకలో పూడ్చడం లాంటివి చేయనివ్వకండి. స్పృహలో ఉండి "నాకేం కాలేదు" అంటున్నా గట్టి షాక్ అయితే హాస్పిటల్‌కి తీసుకెళ్లి ఈసీజీ తీయించండి, బయటికి చిన్న మచ్చే కనిపించినా లోపల ఎక్కువ కాలి ఉండొచ్చు, గుండె లయ తప్పి ఉండొచ్చు.

బోర్డులో మంట వస్తే నీళ్లు పోయొద్దు. మెయిన్ ఆపి, ఏబీసీ పౌడర్ లేదా కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ ఉంటే వాడండి, లేదంటే అందర్నీ బయటికి తీసుకొచ్చేసి 101కి ఫోన్ చేయండి.

చివరి పని ఐదు నిమిషాలది. ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో, తెలుగులో, ఏ స్విచ్ ఏ గదిదో, మెయిన్ ఏదో, 1912, 108, 101, 112 నంబర్లు, కింద మీ ఇంటి పూర్తి అడ్రసు, ఏ గుడి పక్కన, ఎన్నో క్రాస్ అన్నది కూడా రాసి డీబీ మూత లోపలివైపు అతికించండి. మనం ఆఫీసుకి పోయాక ఇంట్లో ఉండేది కన్నడ రాని అమ్మానాన్నలే, ఫోన్‌లో అవతలివాళ్లు ఎక్కడ అని అడిగితే చెప్పడానికి వాళ్లకి అడ్రసు తెలీదు. నేను అతికించాక అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివి, "మెయిన్ అంటే ఏది రా" అని అడిగింది. చూపించా. తనే ఒకసారి ఆపి, ఇల్లంతా చీకటయిందని చూసుకుని, మళ్లీ వేసి, ఇంకోసారి ఆపి చూసింది.